సంస్థలు – పని పద్ధతి
(ఒక పట్టణ పఠనమందిర వార్షిక సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సాయంకాలము నన్ను మాటాడుమని కోరినవారు “మారుచున్న కాలము – మన సంస్థలు” అను విషయము నిచ్చిరి. విషయము గొప్పది. దానిని గూర్చి గొప్ప మాటలు చెప్పుటయు సులభమే. ఉత్సాహము, త్యాగము, నాయకత్వము, యువజన చైతన్యము – ఈ నాలుగు మాటలను ముందు వెనుకలుగా పేర్చుచు పోయినచో గంట కాలము గడచిపోవును, చప్పట్లును పడును. అట్టి యుపన్యాసములు నేను చాల వింటిని. కొన్నింటిని స్వయముగా చేసితిని కూడ. నేడు మాత్రము మీరు సెలవిచ్చినచో అంత రుచికరము కాని సంగతి నొకదానిని ముచ్చటించెదను. అది పని పద్ధతి. ఒక సంస్థలో ఏ పని యెవరు చేయవలెను, ఏ వేళకు చేయవలెను, చేసినట్లు ఎక్కడ వ్రాయవలెను, పొరపాటు జరిగినచో అది యెవరి కంటబడవలెను అను ఏర్పాటునకే నేను పని పద్ధతి అని పేరు పెట్టుచున్నాను.

పద్ధతి యనగానే మనవారి మనస్సులో మెదలునది దస్త్రముల గుట్ట, గుమాస్తా కసురుపాటు, “రేపు రండి” అను మాట. పద్ధతి మార్పునకు శత్రువనియు, మారవలెనన్నచో ముందుగా పద్ధతులను త్రోసివేయవలెననియు చదువుకొన్నవారే చెప్పుచుందురు. నా యనుభవము దీనికి విరుద్ధముగా నున్నది. స్థిరమైన పద్ధతి గల సంస్థయే మార్పునకు తట్టుకొనుచున్నది. పద్ధతి లేని సంస్థ చిన్న గాలికే కూలుచున్నది. ఎందువలననో చెప్పుటకు ముందు ఒక చిన్న కథ.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేనొక ఊరి పఠనమందిరమునకు సహాయ కార్యదర్శిగా నుంటిని. ఊరి పేరు అనవసరము. అప్పటి కార్యదర్శిగారు ఉత్తములు. ఉదయము తలుపులు తీయుట మొదలు రాత్రి దీపములార్పుట వరకు సమస్తము వారే. ఏ పత్రిక చందా ఏ నెలలో ముగియునో, ఏ పుస్తకము ఎవరి యింట నున్నదో, మందిరపు అద్దె ఎవరి చేతికీయవలెనో వారికి కంఠస్థము. మేమందరము వారి జ్ఞాపకశక్తిని మెచ్చుకొనుచుంటిమే గాని, అది మా మెడకు ఉరియగునని తలపలేదు. ఒక వర్షాకాలమున వారికి హఠాత్తుగా జబ్బు చేసెను. కుమారుడు వచ్చి వారిని పొరుగూరికి తీసికొని పోయెను. అచ్చటనే వారు కాలధర్మము నొందిరి.

తరువాత నెల తిరుగులోపల పత్రికలు ఒక్కటొక్కటిగా రాక మానెను. చందాలు ముగిసినవని మాకు తెలియలేదు. పుస్తకములకు చీట్లున్నవి గాని, “పెద్దబావగారు – రెండు సంపుటములు” అని వ్రాసియున్న చీటిలోని పెద్దబావగా రెవ్వరో చెప్పగలవారు లేకపోయిరి. రెండు బీరువాల తాళపుచెవులు దొరకలేదు. మూడవ తాళపుచెవి యొకటి దొరికెను గాని, అది యే బీరువాదో తెలియలేదు. అద్దె విషయమై ఇంటి యజమానికిని మాకును మాట పట్టింపు వచ్చెను. ఇంతలో ఊరిలోని కుఱ్ఱవాండ్రు కంప్యూటరు నేర్చుకొనుటకు మందిరములో ఒక గది యిమ్మని అడిగిరి. మంచి కోరికయే. కాని ఎవరు యీయవలెను, ఏ గంటలలో యీయవలెను, విద్యుత్తు ఖర్చెవరిది అను నిర్ణయము చేయుటకు మా యొద్ద సభ్యుల పట్టిక కూడ సరిగా లేదు. రెండేండ్లలో మందిరము మూతబడెను. ధనము లేక కాదు. పాఠకులు లేక కాదు. శ్రద్ధ గలవారు లేక అంతకంటెను కాదు. ఒక మనుష్యుని తలలోనుండి సంస్థను బయటికి తీసి పుస్తకములో నుంచలేకపోతిమి. నాటినుండి నాకు ఈ విషయము మీద చింత పట్టుకొన్నది.

ఇట్టి చింతలో నుండగా నా దృష్టి నాకర్షించిన సంస్థ యొకటి కలదు. అది మనకందరకును చిరపరిచితము: తపాలా. ఆ శాఖను పొగడుటకు నేనిక్కడికి రాలేదు. దాని లోపములను కూడ చెప్పెదను. కాని నూట డెబ్బది యేండ్లలో ఇన్ని మార్పులకు లోనై, ప్రభుత్వములే మారినను పని ఆపని సంస్థలు ఈ దేశములో వ్రేళ్ళమీద లెక్కింపవలసినవి. కావున అది యెట్లు నిలిచినదో చూచుట మనకు లాభకరము.

తపాలా మనకొఱకు పుట్టినది కాదు. సైన్యములకును, కలెక్టరులకును, కంపెనీ వర్తకులకును పుట్టినది. 1837లో కంపెనీవారు తపాలా చట్టము చేసిరి. 1854లో మఱియొక చట్టము చేసి, దేశమంతటికిని ఒకే రేటును, తపాలా బిళ్ళలను ఏర్పరచిరి. అంతకుముందు ఉత్తరపు కూలి దూరమునుబట్టి పెరుగుచుండెడిది. 1854 తరువాత తేలికపాటి ఉత్తరము పొరుగూరికైనను, పెషావరుకైనను అర్ధణాయే. సంచులను మోసినవారు మాత్రము మనవారే. ఈటెకు గజ్జెలు కట్టుకొని, పులులు తిరుగు అడవులగుండ, వరదకాలపు వాగులగుండ పరుగెత్తిన హర్కారాల కాళ్ళమీద ఈ శాఖ నిలిచినది. పరప్రభుత్వము కట్టిన యిల్లని దానిని మనము పాడుపెట్టనక్కరలేదు. ఇటుకలు మోసినవారి సంతతి మనమే కదా.

ఇక పద్ధతి. మీరు డబ్బాలో వేసిన ఉత్తరమేమగును? డబ్బామీద వ్రాసియున్న గంటకు ఒకడు వచ్చి దానిని తీయును. కచేరీలో బిళ్ళమీద తేదీముద్ర పడును. ఉత్తరములు దిక్కులవారీగా విడదీయబడి, కట్టలు కట్టబడి, ప్రతి కట్టపైన చీటి యంటింపబడును. కట్టలు సంచిలోనికి పోవును. సంచిమూతికి ముద్ర పడును. ఏయే సంచులు పంపబడినవో పట్టిక వెంట పోవును. సంచి నందుకొనువాడు ముందు ముద్రను చూచును, తరువాత పట్టికతో సరిపోల్చును, ఆ తరువాతనే సంతకము చేయును. రిజిస్టరు ఉత్తరమైనచో దానికొక సంఖ్య యుండెడిది. ఆ సంఖ్య మారిన ప్రతి చేతియందును సంతకము. సంతకము లేక అది ఒక చేతినుండి మఱియొక చేతికి పోగూడకుండెను. ముద్ర చెడియున్నను, కట్ట తప్పు సంచిలో పడినను, అందుకొన్నవాడు దానిని తప్పుల పుస్తకములో వ్రాయవలెను. చిరునామా దొరకని ఉత్తరమును పారవేయుటకు ఎవ్వరికిని అధికారము లేదు. అది ప్రత్యేకమైన యొక కచేరీకి పోవును. అచ్చట దానిని విప్పి, పంపినవాని జాడ తీసి, త్రిప్పి పంపుటకు ప్రయత్నింతురు.

ఈ వరుసలో తప్పుల పుస్తకమే నాకు మిక్కిలి యిష్టమైనది. ఒక అంచెవాని పొరపాటును తరువాతి అంచెవాడు వ్రాసిపెట్టుట యనునది చెప్పుటకు తేలికయే గాని, మన సంఘములలో దానిని నడిపించుట కష్టము. మనలో ఒకని తప్పును మఱియొకడు వ్రాసినచో అది పగయగును; వ్రాయకున్నచో అది స్నేహమగును. వ్రాయుట యొక విధిగా, ప్రతిదినపు పనిగా నుండినప్పుడు దానిలో పగయును లేదు, స్నేహమును లేదు. తప్పు ఎక్కడ జరుగుచున్నదో తెలియును, అంతే.

ఇప్పుడు మార్పుల సంగతి చూడుడు. రైలు వచ్చెను. 1863లో అలహాబాదు – కాన్పూరుల నడుమ నడచుచున్న బండిలోనే ఉత్తరములను విడదీయుట మొదలుపెట్టిరి. హర్కారా పోయి బండి వచ్చినను, సంచి మారలేదు, ముద్ర మారలేదు, పట్టిక మారలేదు, సంతకము మారలేదు. గొలుసులో ఒక్క లంకె మాత్రము మారినది. నేను చెప్పదలచిన ముఖ్య విషయమిదియే. పని యంతయు వరుసగా, లంకెలు లంకెలుగా తెలిసియున్నచోట మార్పు వచ్చినప్పుడు “ఈ లంకె తీసి ఆ లంకె వేయుద”మని వ్రేలు పెట్టి చూపవచ్చును. ఏదియు నిర్ణయమై యుండని చోట, చిన్న మార్పు కూడ సమస్తమును కదిలించును. మా పఠనమందిరములో ఒక గది సంగతి వచ్చినప్పుడు సభ్యత్వము, అద్దె, తాళపుచెవులు, పెత్తనము – అన్నియు ఒక్కమారే తగవులోనికి వచ్చుటకు కారణమిదియే.

రైలుతో ఆగలేదు. 1877లో వి.పి. వచ్చెను. 1879లో పావు అణా కార్డు వచ్చెను. 1880లో మనియార్డరు, 1882లో సేవింగ్సు బ్యాంకు, 1884లో తపాలా జీవితభీమా. ఏడెనిమిదేండ్లలో ఇన్ని క్రొత్త పనులు! ఉత్తరములు మోయుచున్నవాడు డబ్బు మోయుట మొదలుపెట్టెను. డబ్బు మోయుచున్నవాడు దానిని దాచుట మొదలుపెట్టెను. ఇది యెట్లు సాధ్యమైనది? రిజిస్టరు ఉత్తరమును సంతకముమీద చేతినుండి చేతికి దాటించు అలవాటు అప్పటికే శాఖ నరములలో నిండియుండెను. మనియార్డరు ఫారమునకు కావలసిన దదియే. సొమ్ము కట్టినవానికి రసీదు, సొమ్ము నందుకొన్నవాని సంతకము, ఆ సంతకము కట్టినవానికి తిరిగి చేరుట – ఇవన్నియు పాత పద్ధతికి క్రొత్త సరకు మాత్రమే. మనియార్డరులు తపాలాకు రాకముందు ఆ పనిని ప్రభుత్వ ఖజానాలు చేయుచుండెడివి. ఖజానా జిల్లా ముఖ్యపట్టణమున నుండును. సొమ్ము కావలసిన తల్లి పల్లెటూరిలో నుండును. తపాలావాడు గుమ్మములోనికి వచ్చి లెక్కపెట్టి యిచ్చెను.

ఈ మనియార్డరు తెలుగువారి కెంత చేసినదో ఉత్తరకోస్తా వృద్ధులకు తెలియును. విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి వేలకొలది కూలీలు రంగమునకు పోయి, బియ్యపు మరలలోను, రేవులోను ఒడలు విరుచుకొని పని చేసిరి. 1937 వరకు బర్మా భారత ప్రభుత్వము క్రిందనే యుండెను, తపాలాయు ఒక్కటియే. చదువురాని కూలీ సముద్రమున కావల ముద్ర వేయించిన కాగితము, చదువురాని భార్యకు ఇవతల అన్నముగా మారెను. నడుమ నున్న ఏ యుద్యోగి పేరును వారిరువురకు తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. పద్ధతి యనగా అదియే.

పత్రికల సంగతియు నిట్టిదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదట బొంబాయిలో స్థాపించిరి. 1914లో అది మద్రాసునకు వచ్చి దినపత్రికయైనది. తెలుగువారి పత్రిక తెలుగు నేలకు అంత దూరమున అచ్చుబడి, ఇచ్చటి చందాదారుల చేతిలో పడగలుగుటకు తపాలా సంచియే ఆధారము. పరప్రభుత్వపు శాఖ మన జాతీయ భావములను మోసి తెచ్చినదని నవ్వుకొనవచ్చును. ప్రభుత్వము పత్రికలను పట్టుకొన్న దినములును, ఉత్తరములు విప్పి చదివిన దినములును లేకపోలేదు. అది యధికారపు దౌష్ట్యము. సంచి తన వేళకు తాను కదలుచునే యుండెను.

1947లో దేశము విభజింపబడినప్పుడు శాఖయు విభజింపబడెను. 1950లో నైజాము సంస్థానపు తపాలా, ఆ మఱుసటి యేట తిరువాన్కూరు – కొచ్చిన్ అంచల్ భారత తపాలాలో విలీనమయ్యెను. నైజాములో వేరు బిళ్ళలు, వేరు ముద్రలు, వేరు భాష. అయినను రెండు సంస్థలకును సంచి, ముద్ర, పట్టిక అనునవి యున్నందున కలియుట సులభమయ్యెను. పద్ధతి గల రెండు సంస్థలు కలిసినచో ఒక్కటియగును. పద్ధతిలేని రెండు సంఘములు కలిసినచో మూడగును. అనుభవజ్ఞులు నవ్వుచున్నారు, కావున ఉదాహరణము లక్కరలేదు.

స్వరాజ్యము వచ్చిన తరువాత జరిగిన మార్పులలో నాకు మిక్కిలి మేలైనదిగా తోచునది 1972 ఆగస్టు 15వ తేదీన వచ్చిన పిన్‌కోడు. శ్రీరాం భికాజీ వేలంకర్ గారు దీనిని రూపొందించిరి. వారు సంస్కృత పండితులు, కవులు కూడ. మన దేశములో భాషలెన్నో, లిపులెన్నో. రామాపురములు, కొత్తపల్లులు ఎన్నియో లెక్కలేదు. విడదీయువానికి తెలుగు రాదు. వ్రాసినవానికి హిందీ రాదు. ఆరంకెలు ఈ చిక్కును విడదీసినవి. మచిలీపట్టణపు 521001 తీసికొనుడు. మొదటి 5 దక్షిణమున ఒక మండలము. 52 ఆ మండలములో ఒక భాగము. 521 ఉత్తరములు విడదీయు జిల్లా. చివరి 001 బట్వాడా చేయు కచేరీ. లిపి చదువలేనివాడు కూడ ఉత్తరమును సరియైన సంచిలో వేయవచ్చును.

దీని బలము తరువాత బయలుపడెను. 2014లో రాష్ట్రము రెండైనది. 2016లో తెలంగాణమున పది జిల్లాలు ముప్పది యొకటి యైనవి. 2022లో ఆంధ్రప్రదేశమున పదమూడు జిల్లాలు ఇరువదియారైనవి. విజయవాడ కృష్ణా జిల్లా నుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరెను. కచేరీల బోర్డులు మారినవి, ముద్రలు మారినవి, చిరునామాలు మారినవి. కాని విజయవాడ 520001 మారలేదు. ఎందువలన? ఆ సంఖ్యను రాజకీయపు సరిహద్దులమీద గాక, ఉత్తరము నడచు దారిమీద కట్టిరి. పద్ధతిని పని స్వభావముమీద కట్టినచో, పైనున్న పేర్లు ఎన్నిమారులు మారినను అది నిలుచును. పెత్తనదారుల పేర్లమీద కట్టినచో, పెత్తనము మారిన ప్రతిమారును పునాదినుండి కట్టుకొనవలెను. నేడు ఇంటర్నెటులో సరకు కొనువారిని తపాలాకు పోటీగా నున్న వర్తకులే మొదట అడుగు ప్రశ్న “మీ పిన్‌కోడేమి?” అని. శాఖ తన కొఱకు చేసికొన్న ఏర్పాటు దేశమునకే ఏర్పాటైనది.

ఇక లోపములు. పక్షపాతము లేక చెప్పవలెను. తపాలా శాఖ తన పద్ధతిని చూచి తానే మురిసి కాలము పోగొట్టుకొన్న దినములు కలవు. ప్రైవేటు కొరియరులు మేల్కొన్న పిమ్మట గాని, 1986లో గాని, స్పీడుపోస్టు రాలేదు. ఉత్తరము పోయినదా చేరినదా అని అడుగు హక్కు సామాన్య చందాదారునకు చాల కాలము మాటలలోనే యుండెను. ఖర్చునకు తగిన రాబడి లేని శాఖయను అపకీర్తియు దానికి కలదు. పద్ధతి యున్నంత మాత్రమున సంస్థ కన్నులు తెరచుకొని యుండునని నేను చెప్పుట లేదు. నిద్రపోయిన సంస్థ మేలుకొన్నప్పుడు, పద్ధతి యున్నచో లేచి నడువగలదు. లేనిచో పడకలోనే తడుముకొనును. అంతవరకే నా వాదము.

నియమమునకు, పద్ధతికి గల భేదమును కూడ చెప్పవలెను; ఇచ్చటనే చాలమంది పొరబడుచున్నారు. నా మేనత్తగారు వృద్ధురాలు, వితంతువు. ఒక కచేరీలో ఆమెకు కొంత సొమ్ము నిలువ యుండెను. చేయి వణకుటచే సంతకము పాతదానితో కలియలేదు. గుమాస్తా మూడుమారులు ఆమెను ఎండలో త్రిప్పెను. ఆమె ఆమెయేనని ఆ వీధివారందరకును తెలియును, గుమాస్తాకును తెలియును. “నియమము నేనేమి చేయను?” అనెను. నాలుగవమారు నేను వెంటబోయి పై యధికారిని చూడగా, సంతకము కుదరనివారికి సాక్షుల యెదుట వ్రేలిముద్ర వేయించు మార్గము ఆ నియమముల పుస్తకములోనే యున్నదని తెలిసెను. గుమాస్తా సగము పుట చదివెను. సొమ్ము సరియైన చేతికి చేరవలెననునది ఉద్దేశము. సంతకము దానికొక సాధనము. ఉద్దేశమును మఱచి సాధనమును పట్టుకొనువాడు పద్ధతికి మిత్రుడు కాడు. ఆ కచేరీలో పద్ధతి ఎక్కువై మా మేనత్త బాధపడలేదు. పద్ధతి తెలియనివాడు ఆ కుర్చీలో కూర్చుండుటచే బాధపడెను.

ఉద్దేశము తెలిసియున్న సంస్థకు పాత సాధనమును విడుచుటకు భయముండదు. తంతి వార్త యనగానే ఒకప్పుడు ఇంటిల్లిపాది గుండెలు కొట్టుకొనెడివి. 2013 జూలై 14వ తేదీన కడపటి తంతులు పంపుటకు జనులు బారులు తీరిరి. అంతటితో ఆ సేవ ముగిసెను. అప్పటికి అది తపాలా చేతిలో లేదు, టెలిఫోను సంస్థ చేతిలో నుండెను. మనసునకు బాధయే. కాని చేతిలో టెలిఫోనున్నవానికి తంతి యెందులకు? 2015లో పాత మనియార్డరు పోయెను. 2025 సెప్టెంబరు 1వ తేదీన రిజిస్టరు తపాలా అను పేరే పోయి, స్పీడుపోస్టులో కలిసెను. ఈ వార్త చదివిన దినమున నాకును దుఃఖము కలిగెను. ఉద్యోగపు ఆర్డరో, కోర్టు నోటీసో, చెల్లెలి రాఖీయో ఏదో యొక రిజిస్టరు కవరు లేని జీవితము మన తరమున లేదు. అయినను ఆలోచించినచో, రసీదు, సంఖ్య, అందుకొన్నవాని సంతకము అను ప్రాణములు మూడును స్పీడుపోస్టులోనికి నడచివచ్చినవి. పోయినది చొక్కా.

2020 మార్చి 25వ తేదీన దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు ఏమి జరిగినదో మీలో చాలమందికి జ్ఞాపకముండును. బస్సులు లేవు. పల్లెటూళ్ళలో బ్యాంకు దూరము. అప్పటికి పూర్వమే, 2018లో, తపాలా చెల్లింపుల బ్యాంకు ప్రారంభింపబడి యుండెను. పింఛను పడిన ముసలివారి యింటికి గ్రామీణ డాక్ సేవకుడు వ్రేలిముద్ర పరికరముతో వచ్చి, ఏ బ్యాంకులో నున్న సొమ్మైనను వారి చేతిలో లెక్కపెట్టెను. మందులను మోసెను. యంత్రము క్రొత్తది. ఆ గుమ్మము, ఆ మనుష్యుడు, ఆ లెక్క అప్పగించు అలవాటు – ఇవి 1880 నాటివి. యంత్రమును ఎవరైనను కొనవచ్చును. సాయంకాలమునకు పైసాతో సహా లెక్క అప్పగించు అలవాటును ఒక వారములో కొనితెచ్చుట ఎవరి తరమును కాదు.

కావున మన సంఘముల వైపు చూడుడు. చేనేత సహకార సంఘములు, పాల సంఘములు, గ్రంథాలయములు, కళాశాలల పూర్వవిద్యార్థి సంఘములు – వీనిలో ఎన్ని యొక మనుష్యునితో పుట్టి ఆ మనుష్యునితో గిట్టుచున్నవి! 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘము స్థాపించిన పెద్దల నాటినుండి మనకు ఉత్సాహమునకు లోటు లేదు. ఊరూర మందిరములు వెలసినవి. వానిలో నేటికి నిలిచినవానిని చూడబోయినచో, దాదాపు ప్రతిచోటను ఎవరో యొక శాంతమూర్తి, ఉపన్యాసము చేయరానివాడు, పుస్తకముల జాబితాను సరిగా వ్రాసి పోయియుండును. అతని ఛాయాచిత్రము గోడమీద సాధారణముగా నుండదు.

యువకులు కొందరు నన్నడుగుదురు: “ఇప్పుడంతయు కంప్యూటరులో నున్నది గదా, ఇంక రిజిస్టరులెందులకు?” అని. కంప్యూటరు చాల మంచిది, నేనును వాడుచున్నాను. కాని వరుస తెలియని పనిని కంప్యూటరులో పెట్టినచో, గందరగోళము త్వరగా జరుగును, అంతియే. చేతితో వ్రాసినప్పుడు కనబడిన తప్పు అందులో కనబడకుండ పోవుటయు కలదు. రహస్యపదము ఒక్కనికే తెలిసియున్న కంప్యూటరునకును, తాళపుచెవి పోయిన మా పాత బీరువాకును నాకు భేదము కానరాదు.

మీ సంస్థ యెట్లున్నదో తెలిసికొనుటకు నేనొక ప్రశ్న నడుగుచుందును. మీలో ముఖ్యుడైనవాడు ఎవరికిని చెప్పకుండ నెల దినములు కాశీకి పోయినచో ఏమగును? పని నడచునా? నడచినచో, అతడు తిరిగి వచ్చినప్పుడు తాను లేనప్పుడు ఏమేమి జరిగినదో పుస్తకము చూచి తెలిసికొనగలడా? ఈ ప్రశ్న వినగానే కొందరు కార్యదర్శులకు కోపము వచ్చును. తాను లేక సంస్థ నడచునన్నచో తన గౌరవము తగ్గునని వారి భయము. రంగమునుండి సొమ్ము పంపిన గుమాస్తా పేరు ఎవరికిని తెలియదని ముందే చెప్పితిని. ఆ సొమ్ముతో ఎన్ని పొయ్యిలు మండినవో తలచుకొన్నచో, ఆ పేరు తెలియకపోవుటలో అగౌరవమేమియు నాకు కనబడదు.

అధ్యక్షులవారు గడియారమువైపు చూచుచున్నారు. నేటితో ఈ మందిరపు కార్యదర్శిత్వము చేతులు మారుచున్నదని విన్నాను. పాత కార్యదర్శిగారును, క్రొత్త కార్యదర్శిగారును ఇద్దరును ఈ వేదికమీదనే యున్నారు. సెలవు పుచ్చుకొనుటకు ముందు వారినొక్క చిన్న కోరిక కోరెదను. నేనొక లెక్కల పుస్తకమును కొనితెచ్చితిని. మొదటి పుటలో పత్రికల చందాలు ముగియు తేదీలు, రెండవ పుటలో తాళపుచెవులు ఏ బీరువావి యనునది, మూడవ పుటలో అద్దె యెవరికి, ఏ తేదీన చెల్లింపవలెననునది – ఈ మూడు పుటలను సభ ముగిసిన వెంటనే, దీపములార్పకముందే, ఇద్దరును కలిసి కూర్చుండి వ్రాసి సంతకములు చేయవలెనని ప్రార్థించుచున్నాను. నాలుగవ పుటకు నేనే “తప్పులు” అని శీర్షిక వ్రాసితిని. దానిని ఖాళీగా నుంచితిని. కలము కూడ తెచ్చితిని.